నెమ్మదిగా మాట్లాడిన రెండేళ్లు

భ్రమరాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అని కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకునేవారు. ఆ జవాబు మర్నాడు రావచ్చు, ఆర్నెల్లకు రావచ్చు. వచ్చినప్పుడు మాత్రం అది మాటల్లో వచ్చేది కాదు.

సముద్రతీరాన ఉన్న ఒక పట్నంలో, జైలు ఆవరణలోనే, బాధితుల సహాయ విభాగానికి ఆవిడ అధిపతి. జైలంటే నేరం చేసినవాళ్లను పెట్టే చోటు కదా, దెబ్బ తిన్నవాళ్లతో దానికేం పని అని చాలామంది అడుగుతారు. పని ఉంది. లోపలి మనిషిని పెరోల్ మీద ఇంటికి పంపేముందు, అతని వల్ల గాయపడ్డ మనిషికి ఆ సంగతి తెలియాలి. ఆ మనిషి మాట అధికారుల చెవిన పడాలి. గాయం మానేదాకా ఎవరో ఒకరు వెంట ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎలా ఉండాలో నేర్పడమే భ్రమరాంబ గారు ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పని. మరుసటి ఏడు ఆవిడ రిటైరవుతారు. ఆ కుర్చీలో కూర్చోబోయేది వకుళ.

వకుళ మంచి పనిమంతురాలు. ఏ కాగితమూ ఆమె బల్ల మీద రెండో రోజు చూసేది కాదు. ఆ మార్చి నెలలో వార్షిక నివేదిక రాస్తూ, ఉత్సాహం పట్టలేక, గురువుగారి గదిలోకి వచ్చింది.

"మేడమ్, ఈ ఏడాదంతా మన మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మన పని బాగా సాగుతోందని ఈ గడిలో రాయొచ్చు కదా?"

భ్రమరాంబ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చూద్దాం. ఆ గడి ఖాళీగా ఉంచు" అన్నారు.

వకుళ చిన్నబోయింది. తన గదిలోకి వెళ్లి నూకరత్నం ఫైలు తీసి చూసుకుంది. మనసు బాగోలేనప్పుడు ఆమె ఆ ఫైలే చూసుకునేది. తను చేసిన పనుల్లో అంత నిండుగా చేసింది ఇంకోటి లేదని ఆమె నమ్మకం.

నూకరత్నం చేపలమ్మే మనిషి. మార్కెట్లో ఆమెది మూలమీద చోటు, మూడు వైపుల నుంచి బేరం వచ్చే చోటు. పక్క గంప సింహాద్రికి ఆ చోటు మీద కన్నుపడింది. ఇవ్వమన్నాడు, ఇవ్వనంది. మాటా మాటా పెరిగి, ఒక పొద్దున చేపలు కోసే కత్తితో ఆమె భుజం మీద వేటు వేశాడు. అతనికి ఏడేళ్ల శిక్ష పడింది. నూకరత్నం బతికింది. బతికి, ఇంట్లో కూర్చుంది. అంతకుముందు ఆమె కానాగంత చేపల గంప దించి కేక వేస్తే నాలుగు వీధుల అవతల వాళ్లు గిన్నెలు పట్టుకుని బయలుదేరేవారట. వకుళ ఆ కేక ఎప్పుడూ వినలేదు. ఆమె ఎరిగిన నూకరత్నం తల వంచుకుని, చెంగు భుజం చుట్టూ కప్పుకుని, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడే మనిషి.

ఆమె కోసం వకుళ చేయని పని లేదు. భుజానికి వ్యాయామం చేయించే డాక్టరును కుదిర్చింది. మున్సిపాలిటీ చుట్టూ తిరిగి మార్కెట్లో చోటు ఆమె పేరునే ఉండేలా చూసింది. ఏం చెప్పినా నూకరత్నం ఒక్కటే మాట అనేది. "మీ ఇష్టం తల్లీ." శుక్రవారం మీటింగుకు వస్తారా? మీ ఇష్టం తల్లీ. ఇంటికి జీపు పంపమంటారా? మీ ఇష్టం తల్లీ. ఫైలు మొదటి పేజీలో వకుళ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది: 'పూర్తిగా సహకరిస్తున్నారు.' అయితే రెండేళ్లయినా ఆమె గంప ఎత్తలేదు. ఇంటి దగ్గరే ఎండుచేపలు మూటలు కట్టి ఎవరి చేతో పంపించేది.

ఏప్రిల్లో సింహాద్రి పెరోల్‌కు అర్జీ పెట్టుకున్నాడు. తల్లి పైడమ్మకు కంటి ఆపరేషన్ చేయించాలి, పదిహేను రోజులు ఇంటికి పంపమని. నిబంధన ప్రకారం నూకరత్నం మాట తీసుకోవాలి. వకుళ ఆమెను పదిన్నరకు రమ్మంది. ఆమె పదింటికే వచ్చింది. వకుళ సూపరింటెండెంటు గారి మీటింగులో ఇరుక్కుపోయింది. పదకొండయింది, పదకొండున్నరయింది. విభాగానికి వచ్చేవాళ్లు కూర్చోడానికి వేరే గదీ గుమ్మమూ లేవు. ఖైదీల్ని చూడటానికి వచ్చిన వాళ్లంతా వరండాలో కూర్చునే పొడుగు బల్ల మీదే నూకరత్నం కూర్చుంది. ఆ బల్ల మీదికే, కొడుకుతో ములాఖత్ కోసం, పైడమ్మ వచ్చి కూర్చుంది.

చూపు సరిగా ఆనని ముసలామె కొంతసేపటికి గానీ పక్కనున్నదెవరో పోల్చుకోలేదు. పోల్చుకోగానే బల్ల దిగి నేల మీద కూలబడి నూకరత్నం కాళ్లు పట్టుకుంది. "ఒక్క మాట సెప్పమ్మా, నీ మాట మీదే ఉందంట. నా కొడుకుని పదేను రోజులు పంపించమని సెప్పు తల్లీ" అని బావురుమంది. చుట్టూ ఉన్నవాళ్లు మూగారు. "పాపం, ముసలిది. ఒప్పుకోమ్మా" అని ఒకరు, "ఆడదానివి, నీకు మాత్రం జాలి ఉండదా" అని ఇంకొకరు.

అప్పుడే వకుళ మీటింగు ముగించుకుని బయటికి వస్తోంది. ముందు ఆమెకు కేక వినపడింది. ఆ గొంతు ఎవరిదో తెలియలేదు. వరండా చివర గోడల మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి.

"ఎవురమ్మా ఈ ఆఫీసుకి పెద్ద? రండి బయటికి!"

నూకరత్నం నిలబడి ఉంది. చెంగు భుజం మీంచి జారిపోయింది, సర్దుకోలేదు. మచ్చ అందరికీ కనపడుతోంది. ఒక చేత్తో పైడమ్మను లేపి బల్ల మీద కూర్చోబెడుతూనే, రెండో చెయ్యి ఆఫీసు వైపు చాపి అరుస్తోంది.

"ఈవిడ్ని నేనేటీ అనను. కన్నతల్లి, అడుగుద్ది. మిమ్మల్నే అంటాను! నా మాట సెప్పమని పిలిసి, ఆ మాట నా నోట్లోంచి లాగేసేటోళ్ల మజ్జన కూకోబెడతారా? రెండేళ్లబట్టి వొచ్చినప్పుడల్లా ఇదే బల్ల. ఆడు ఎళ్లిన గేటులోంచే నేనూ రావాల. నేనేటి తప్పు సేసినాను?"

 వకుళ పరుగున వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. "రత్నం గారూ, లోపలికి రండి, నెమ్మదిగా మాట్లాడుకుందాం."

"రెండేళ్లు నెమ్మదిగానే మాటాడినాను తల్లీ! నీకేటి వినపడింది?"

 ఆ సరికి భ్రమరాంబ గారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ నూకరత్నాన్ని ఆపుతారని, కనీసం జనాన్ని పంపించేస్తారని వకుళ ఎదురుచూసింది. ఆవిడ రెండూ చేయలేదు. ఎవరి చేతిలోంచో ఒక కాగితం, పెన్నూ తీసుకుని, నిలబడే, "నేనేనమ్మా ఈ ఆఫీసుకి పెద్ద. చెప్పు. ఇంకా ఏమున్నాయి?" అన్నారు.

ఉన్నాయి. చాలా ఉన్నాయి. జైలు జీపు వస్తే వీధి వీధంతా నూకరత్నం ఏం నేరం చేసిందోనని తలుపుల్లోంచి చూస్తోంది. ఆఫీసు ఉత్తరంలో ఒక్క ముక్క అర్థం కాదు. చదివిపెట్టమని అడిగితే పక్కింటివాళ్లకు తన కథంతా తెలిసిపోతోంది. శుక్రవారాలు పడవలొచ్చే రోజులు, ఆ రోజే మీటింగు పెట్టిన మనిషి జన్మలో చేప కొని ఎరగదు. ఆ మనిషి తనేనని వకుళకు తెలుసు. భ్రమరాంబ గారు ఒక్కటీ వదలకుండా రాసుకున్నారు. కాగితం అటువైపు కూడా నిండింది. చివరికి, "పెరోల్ సంగతి ఇవాళ చెప్పకు. ఇక్కడ అసలు చెప్పకు. ఇంటికెళ్లి ఆలోచించుకో. మేమే వస్తాం, బస్సులో" అన్నారు.

నూకరత్నం వెళ్లిపోయాక వకుళ ఫైళ్ల గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. కాసేపటికి తలుపు తట్టిన చప్పుడయింది. భ్రమరాంబ గారు. చేతిలో వేడి వేడి జిలేబీల పొట్లం. బయట ఆఫీసువాళ్లంతా తలా ఒకటి తింటూ, దేనికోసమో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"తిను" అన్నారు ఆవిడ.

"మేడమ్, ఆవిడ మనల్ని అంతమందిలో తిట్టింది."

"విన్నాను. ఎంత బాగా తిట్టింది!" ఆవిడ మొహం పెళ్లింటి మొహంలా ఉంది. "రేపటి నుంచి గుమ్మం పని మొదలుపెడదాం."

వెనకవీధి వైపు జైలుకు ఒక పాత స్టేషనరీ గది ఉండేది. భద్రతకు ముప్పని సూపరింటెండెంటు గారు మొదట ఒప్పుకోలేదు. భ్రమరాంబ గారు ఆయన్ని వరండాలోకి పిలిచి, ఆ పొడుగు బల్ల మీద గంటసేపు కూర్చోబెట్టారు. ఆయన మర్నాడే తాళంచెవి పంపించారు. గోడ కొట్టి వీధిలోకి విడిగా గుమ్మం పెట్టారు. సున్నం వేస్తున్నప్పుడు వకుళ కొంగు బిగించి తానూ ఒక కుంచె పట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆ ఆఫీసులో పాటలు వినిపించాయి.

గుమ్మం పని ఇంకా తెమలకముందే, చెప్పినట్టే, ఆ కేక విన్న మూడో రోజున ఇద్దరూ బస్సెక్కి నూకరత్నం ఇంటికి వెళ్లారు. ఆమె టీ ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మొదటిసారి కళ్లలోకి చూసి మాట్లాడింది.

"రానీండి ఆణ్ని. తల్లికి కళ్లు సేయించుకోనీండి. ఆవిడ ఏడిసిందని కాదు, నేను ఆలోసించుకునే సెప్తన్నాను. కానీ ఆ పదేను రోజులూ ఆడు మార్కెట్టు వైపు అడుగెయ్యకూడదు. అది రాసుకోండి."

వకుళ రాసుకుంటూ అడిగింది. "ఏ కారణమని రాయమంటారు?"

"సోమారం నుంచి అక్కడ నేనుంటాను గదా!"

వకుళ పెన్ను ఆగిపోయింది. తలెత్తేసరికి భ్రమరాంబ గారు, నూకరత్నం ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఎందుకో తెలిసేలోపే తనూ నవ్వడం మొదలుపెట్టింది.

ఆమె చెప్పిన షరతు ఆ ముక్కల్లోనే పెరోల్ ఉత్తర్వులోకి ఎక్కింది. సింహాద్రి దాన్ని పాటించాడు. పైడమ్మకు చూపు వచ్చింది.

నూకరత్నం చెప్పిన ఆ సోమవారం పొద్దున గురువూ శిష్యురాలూ మార్కెట్టుకు బయలుదేరారు. వీధి మలుపు తిరక్కముందే కేక వినిపించింది. వంజరాలు, కానాగంతలు, రొయ్యలు, ఒక్కొక్క పేరూ గాలిలోకి ఎగరేసినట్టుంది. మూలమీద చోటు చుట్టూ జనం. నూకరత్నం ఒక చేత్తో తూకం వేస్తూ, ఒకావిడతో బేరం మీద పోట్లాడుతూ, ఇంకొకాయన చెయ్యి గంపలోంచి తీసేస్తోంది. వకుళ ఆనందం ఆపుకోలేక, జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్లబోయింది.

"ఏటమ్మా, ఆపీసోళ్లయితే మాత్రం? ఎనక్కెళ్లి వరసలో రండి!"

అందరూ తిరిగి చూశారు. భ్రమరాంబ గారు వెంటనే వెనక్కి నడిచి, వరస చివర, ఒక రిక్షా అతని వెనక బుద్ధిగా నిలబడ్డారు. వకుళ వచ్చి ఆవిడ వెనక చేరింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ముందు పదిమంది దాకా ఉన్నారు.

"మేడమ్, ఆ నివేదికలో గడి ఖాళీగానే ఉంచాను" అంది మెల్లగా. "ఇప్పుడేం రాయను?"

భ్రమరాంబ గారు సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"ముందు మన వంతు రానీ" అన్నారు.