పేర్రాజు కాదన్న రోజు

కాకినాడలోని ఒక పిల్లల క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో పేర్రాజు అనే టెక్నీషియన్ ఉండేవాడు. పనిలో గట్టివాడే గానీ, ఎవరికీ కాదని చెప్పలేని మహా మొహమాటస్థుడు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు "ఇంకొక్కటండీ" అంటే చాలు, పొట్ట పగిలేలా ఉన్నా పూతరేకు వేయించుకునేవాడు. "నీ మొహమాటం నిన్ను ముంచుతుందిరా" అని వాళ్లమ్మ తిట్టేది. ముంచితే నన్నే కదా, అని నవ్వేసేవాడు.

క్యాన్సర్ మందు ఎక్కించాక, అది పిల్లల రక్తంలో ఇంకా ఎంత మిగిలిందో కొలవడం అతని పని. ఒంట్లోంచి మందు బాగా దిగిపోతే తర్వాతి మోతాదు పూర్తిగా ఇస్తారు. దిగకపోతే తగ్గిస్తారు. అనవసరంగా తగ్గించారా, జబ్బు మళ్లీ తలెత్తుతుంది! అందుకే అక్కడ ఒక నియమం ఉండేది. మందు ఎక్కించిన గొట్టంలోంచి రక్తం తీయకూడదు. గొట్టానికి అంటుకున్న మందు కలిసి లెక్క పెరిగిపోతుంది. చేతి నరంలోంచే తీయాలి.

ఒకరోజు సీనియర్ నర్సు ఎస్తేరమ్మ తానే శాంపిలు పట్టుకొచ్చింది. పేర్రాజు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆవిడ అతనికి సొంత అక్కలాంటిది.

"మన హన్సిక రక్తం, పేర్రాజూ. సూది చూస్తేనే గొల్లుమంటోంది పిల్ల. సూదులకి కమిలిపోయిన ఆ చేతులు చూడలేక గొట్టంలోంచే తీసేశాను. బాగా కడిగే తీశాన్లే, కానిచ్చెయ్."

"గొట్టంలోంచా అక్కా..." అని నసిగాడు పేర్రాజు.

"ఏం, నా మాట కాదంటావా?"

అంతే, పేర్రాజు తలూపేశాడు. శాంపిలు మిషన్లో పెట్టాడు. కాసేపటికి లెక్క వచ్చింది. ఉండాల్సినదానికి ఎక్కడో పైన ఉంది!

ఇంతలో డాక్టర్ రుక్సానా ఫోన్ చేసింది. "హన్సిక రిపోర్టు వచ్చిందా పేర్రాజు గారూ? తర్వాతి మందు పూర్తిగా ఇవ్వాలా, తగ్గించాలా?"

పేర్రాజు మిషన్ మీది అంకె వైపు చూశాడు. ఆ అంకె చెప్పేస్తే ఎస్తేరమ్మ మాట నిలబడుతుంది. కానీ ఆరేళ్ల పిల్లకి మందు తగ్గిపోతుంది. మునిగేది తను కాదు, హన్సిక!

"వచ్చిన లెక్క చెల్లదండి. రక్తం మళ్లీ తీయాలి. నేనే వస్తున్నాను" అన్నాడు.

సంగతి వినగానే వార్డులో ఎస్తేరమ్మ మొహం కందగడ్డయింది. "ఇన్నేళ్ల పరిచయానికి ఇదా నువ్విచ్చే మర్యాద?" హన్సిక తల్లి మంగ చేతులు జోడించింది. "ఇంక పొడవొద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది!"

పేర్రాజు మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు.

"కాదక్కా" అన్నాడు. ఆ మాట తన నోట వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, ఇవాళ మనం జాలిపడితే రేపు జబ్బు జాలిపడదు. తప్పుడు లెక్క చూసి మందు తగ్గిస్తే, ఆ నష్టం ఎవరు తీరుస్తారు?"

ఎస్తేరమ్మ మంచమ్మీద కూర్చుని హన్సికని ఒళ్లోకి తీసుకుంది. "తియ్యి. పిల్లని నేను పట్టుకుంటాను."

"నువ్వు చెడ్డ అంకుల్‌వి!" అని అరిచింది హన్సిక.

"అవును తల్లీ, చాలా చెడ్డవాణ్ణి" అంటూనే చేతి నరంలోంచి రక్తం తీశాడు పేర్రాజు.

ఈసారి లెక్క చూసి ఎగిరి గంతేశాడు. మందు దిగాల్సినంతా దిగిపోయింది! డాక్టర్ రుక్సానా పూర్తి మోతాదే రాసింది. ఆ తర్వాత కూడా ఒక్క మోతాదూ తగ్గించాల్సిన పని పడలేదు. చికిత్స అంతా ముగిశాక పరీక్షలు చేస్తే జబ్బు జాడే లేదు.

ఆ కబురు పట్టుకుని ఎస్తేరమ్మ ల్యాబుకి పరిగెత్తుకొచ్చింది. "గెలిచాం పేర్రాజూ! ఆ రోజు నా మాట విని ఉంటే ఏమయ్యేదిరా నాయనా!" అని అందరి ముందూ భోరుమంది. వెనకాలే హన్సిక తల్లి చెయ్యి విడిపించుకుని వరండా అంతా కేకలేస్తూ పరుగులు తీసింది. ఆ రోజు ఆసుపత్రిలో ఆ పిల్లని ఆపగలిగినవాళ్లు లేరు.

ఎదుటివారి మనసు నొప్పించకపోవడం మంచిదే. కానీ ప్రాణం మీదికి వచ్చే చోట మొహమాటం వదిలి కాదని చెప్పడం అంతకన్నా మంచిది.