మొదటి పేజీలో రాసిన పేరు

విరూపాక్షం మాస్టారితో వాదించి గెలిచినవాళ్లు లేరు; ఎందుకంటే ఆయన అసలు వాదించరు. అడిగినదానికి ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకుంటారు. ఆయన దగ్గర విమర్శ రాయడం నేర్చుకుంటున్న వకుళ ఓ సాయంత్రం అడిగింది: "డిటెక్టివ్ నవలలు రాసినవాడి బతుకు తెలిశాక, ఆ బతుకుతో కలిపి నవలల్ని చదివితే తప్పేంటి మాస్టారూ?"

మాస్టారు రంగధామం సంగతి ఎత్తుకున్నారు.

రంగధామం బందరులో డిటెక్టివ్ నవలలు రాసేవాడు. రైలు కాలక్షేపమని విమర్శకులు వాటిని తీసిపారేశారు. ఇంతలో ఆయన భార్య సుభద్రమ్మ నూతిలో పడి చనిపోయింది. కాలు జారిందన్నారు కొందరు. చంపడం రాసేవాడికి చెయ్యడం ఎంతసేపన్నారు ఇంకొందరు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడేదీ? ఆ విమర్శకులే పాత నవలలు మళ్లీ తీసి, హత్యని ఇంత దగ్గరగా చూసి రాసినవాడు లేడని ఆకాశానికెత్తేశారు! వాటిలో అక్షరం మారలేదు, పెళ్లాం పోయింది, అంతే.

వాటిలో ఒక నవలలో గయ్యాళి వంటమనిషి ఉంది. ఆమె మాటలన్నీ సుభద్రమ్మవే. ఆ గొంతు మళ్లీ వినాలని ప్రాణం కొట్టుకుపోయి, ఆ నవల ప్రతి ఇంట్లో లేక, అద్దె పుస్తకాల కొట్టుకు వెళ్లాడు పాపం రంగధామం.

అద్దె నవలల సంగతి తెలిసిందే కదా. ముందు చదివిన తుంటరి ఎవడో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి, తర్వాత చదివేవాళ్ల ఉసురు పోసుకుంటాడు. ఈ ప్రతిలో ఆ చోట రంగధామం పేరు రాసి ఉంది.

అయినా ఇంటికి తెచ్చి చదివాడు. "మీ కాఫీలో విషం కలపాలన్నా ముందు పాలంటూ ఉండాలి గదండీ!" అంటుంది వంటమనిషి. సుభద్రమ్మ అన్న మాటే అది. అచ్చులో చూసుకుని అప్పట్లో ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఇది చదివి జనం ఏమనుకున్నారో అన్న గుబులే ప్రతి పేజీలోనూ. చివరిదాకా చదివినా ఆవిడ ఒక్కసారీ పలకలేదు.

పుస్తకం తిరిగిస్తుంటే కొట్టాయన అడిగాడు, బాగుందా అండీ అని.

"ఇందులో మా ఆవిడ ఉండేదయ్యా," అన్నాడు రంగధామం. "ఇప్పుడు లేదు."

వకుళ కళ్లు తుడుచుకుంది. ఇక ఉండబట్టలేక అడిగింది: "ఇంతకీ ఆవిడ నిజంగా కాలు జారే పడిందా మాస్టారూ?"



"నవల పేరేమిటని అడుగుతావనుకున్నానమ్మా," అన్నారు మాస్టారు.