ఈవోర్ వీపు

ఇద్వల్ గొంతెత్తి ప్రసంగిస్తే ఏడవనివాడు ఉండడని వేల్స్ కొండల్లో పేరు. ప్రసంగం సగానికి వచ్చేసరికి అతని మాటలు వాటంతటవే రాగంలోకి వెళ్లిపోయేవి. ఆ ప్రాంతపు బోధకులకు అదొక విద్య. మందిరం నిండా జేబురుమాళ్లు బయటికొచ్చేవి. ఆ సంగతి ఇద్వల్‌కి కాస్త ఎక్కువగానే తెలుసు.

అలాంటివాడు ఆ సాయంత్రం తన గురువు ఎలియాస్ పాస్టరు గారి దగ్గరికి తల వేలాడేసుకుని వచ్చాడు.

"అయ్యా, మార్గెడమ్మ ఏడవడం లేదు."

ముందురోజు బొగ్గుగనిలో కప్పు కూలి ఆమె భర్త ఈవోర్ చనిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పడుకోబెట్టారు. ఒంటినిండా బొగ్గు మసి అలాగే ఉంది. అప్పటినుంచి మార్గెడ్ ఆ పక్కనే కుర్చీలో కూర్చుంది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఉలకదు, పలకదు. శవానికి స్నానం చేయించాల్సింది ఆమె. ఆమెను కాదని చేయి వేసే ధైర్యం ఇరుగుపొరుగు ఆడవాళ్లకు లేదు. ఇలాగే ఉంటే మతి చలిస్తుందని అందరికీ భయం పట్టుకుంది.

"గొంతు పోయేదాకా ప్రార్థించాను. ఇంకే వాక్యం చదివితే ఆమె కదులుతుందో మీరే చెప్పండి," అన్నాడు ఇద్వల్.

పాస్టరు గారు లేచి కోటు వేసుకున్నారు. ఇద్వల్ బైబిలు అందుకోబోతే, ఉండనీ అన్నారు.

మార్గెడ్ ఇంట్లో ఆయన ప్రార్థన చేయలేదు. కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, పొయ్యి మీది వేణ్నీళ్లు తొట్టిలో పోసుకున్నారు. గుడ్డ తడిపి ఈవోర్ ముఖం తుడిచారు. తర్వాత చేతులు, కాళ్లు. తొట్టిలో నీళ్లు నల్లబడ్డాయి. మార్గెడ్ చూస్తూ కూర్చుంది.

"ఓ చెయ్యి వెయ్యి," అన్నారు ఇద్వల్‌తో. ఇద్దరూ కలిసి శవాన్ని పక్కకు తిప్పారు. పాస్టరు గారు తడిగుడ్డ వీపు మీద పెట్టారు.

"వీపు వద్దయ్యా," అంది మార్గెడ్.

ఆయన చెయ్యి ఆగింది.

"వీపు కడిగితే నడుంలో సత్తువ పోతుందంటాడు. గనివాళ్లెవరూ కడగనివ్వరు. నన్ను కూడా ముట్టుకోనివ్వడు. రేప్పొద్దున మళ్లీ పనిలోకి..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆమె భర్త ముఖంలోకి చూసింది. కుర్చీలోంచి జారి, బల్ల కోడు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక ఇద్వల్ గోడవైపు తిరిగిపోయాడు. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లు పరుగున లోపలికి వచ్చారు.

చాలాసేపటికి మార్గెడ్ తనే లేచింది. పాస్టరు గారి చేతిలోంచి గుడ్డ తీసుకుని భర్త వీపు కడగడం మొదలుపెట్టింది.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. ఇద్వల్ రైతుల ఇంట పుట్టినవాడు, గనుల సంగతి తెలియదు. ఆమె ముఖం అతని కళ్లముందు నుంచి పోవడం లేదు.

"అయ్యా, వాళ్ల పట్టింపు మీకు తెలియక చేశారు గానీ, పాపం, ఆమె ప్రాణం ఎంత విలవిల్లాడిందో."

పాస్టరు గారు నడుస్తూనే అన్నారు.

"బోధకుణ్ణి కాకముందు నేనూ గనిలోనే పనిచేశాను, ఇద్వల్. మా ఇంట్లో ఎవరినీ నా వీపు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు."