మల్లెతీగ పెట్టిన కేక

ఒకప్పుడు మల్లెతీగకి పువ్వులే ఉండేవి కావు. అవునర్రా, నిజం! ఒక్కటంటే ఒక్క మొగ్గయినా లేదు. పైనుంచి కిందిదాకా ఆకులే.

చెంబుడు నీళ్ళు పోస్తే గటగటా తాగేసి ఆకులు వేసేది. గంపెడు ఎరువు వేస్తే ఇంకా బోలెడు ఆకులు వేసేది. వాటిని చూసుకుని తెగ మురిసిపోయేది.

అలాంటి తీగ ఒకటి నూకాలు అనే పిల్ల ఇంటి ముందు పందిరంతా అల్లుకుని ఉండేది. తన చేత్తో నాటుకుంది కదా, నూకాలుకి అదంటే ప్రాణం! బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ దాని చుట్టూనే తిరిగేది.

వాళ్ళమ్మ పోలమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

"ఏటే నూకాలూ, వండుకోడానికి కాయా లేదు, తల్లో పెట్టుకోడానికి పువ్వూ లేదు. పందిరంతా ఇదే తినేసింది! ఉగాది దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే పీకి పారేసి ఆనపపాదు పెడతాను!"

నూకాలు గుండె గుభేలుమంది. తీగ దగ్గరికి పరుగెత్తింది.

"విన్నావా? అమ్మ నిన్ను పీకేస్తాదట! ఒక్క పువ్వయినా పుయ్యవే!"

"పువ్వా? నాకు తీరికెక్కడిదే పిల్లా!" అంది తీగ. "ఇదిగో, ఇంకో ఆకు వస్తోంది. ఎంత నిగనిగలాడుతోందో చూడు!"

పాపం నూకాలు ఇంకా నీళ్ళు పోసింది, ఇంకా ఎరువు వేసింది. ఏం లాభం? ఇంకా ఆకులొచ్చాయి.

శివరాత్రి వెళ్ళగానే వాళ్ళ మేక తాడు తెంపుకుంది. గోడెక్కి, ఒక్క గెంతున పందిరి మీద పడింది.

"అబ్బబ్బ, ఏం రుచి! ఏం రుచి!" కరకర, పరపర నమిలేసింది. నూకాలు కర్ర పట్టుకొచ్చేసరికి ఒక్క ఆకు మిగల్లేదు. పుల్లలే మిగిలాయి!

నూకాలు ఘొల్లుమంది. "మోడుకి నీళ్ళెందుకే" అని పోలమ్మ ఆ నీళ్ళు కూడా మాన్పించేసింది.

తీగకి సిగ్గూ, భయమూ రెండూ ముంచుకొచ్చాయి. "ఓయమ్మో, నా ఆకులు! ఇప్పుడెలా?"

పైనుంచి ఎండ నవ్వింది. "ఇన్నాళ్ళూ ఆకుల చాటున దాక్కున్నావు. నీ ఒళ్ళు నేను ఎప్పుడైనా తాకానా? ఉండు!" అని తీగనంతా వెచ్చవెచ్చగా నిమిరింది.

అంతే! తాగిన నీళ్ళూ తిన్న ఎరువూ లోపల కుతకుతలాడాయి. అంత బలమూ ఆకులకి పోకుండా ఒంట్లోనే ఉండిపోయిందాయె!

"నూకాలూ, నూకాలూ! నాకేదో అవుతోందే! కణుపు కణుపునా చక్కిలిగిలి!" అంటూ తీగ ఊగిపోయింది. చూస్తే ఏముంది! కొత్త చిగుళ్ళ చివర చిన్న చిన్న పచ్చటి మొగ్గలు!

ఇంతలో ఉగాది ముందురోజు రానే వచ్చింది. పొద్దు వాలుతోంది. రేపు పండగపూట ఆనపపాదు పెట్టాలని పోలమ్మ గునపం పట్టుకుని బయల్దేరింది.

"అమ్మా, ఆగే! మొగ్గలేసింది!" నూకాలు అడ్డంపడింది.

"ఈ పచ్చటివా మొగ్గలు? మళ్ళీ ఆకులే! తప్పుకో!"

"పోలమ్మా, ఆగు! మొగ్గలే!" అని అరిచింది తీగ.

"నీ మాటలు చాలానే విన్నాను" అని పోలమ్మ గునపం ఎత్తేసింది.

మాట చెల్లలేదు. ఇంకేం చేస్తుంది? తీగ ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా మొగ్గల్లోకి తోసింది. ఫట్! ఒకటి విచ్చుకుంది. ఫట్ ఫట్ ఫట్! పందిరి పందిరంతా తెల్లగా విచ్చుకుంది. గుప్పుమని వాసన!

పోలమ్మ చేతిలో గునపం జారిపోయింది.

"ఓలమ్మో! ఇదేటే తల్లీ ఈ వాసన!"

వీధిలో వాళ్ళందరూ ముక్కులెగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. నూకాలు ఏడుస్తూ నవ్వుతూ తీగని రెండు చేతులా వాటేసుకుంది. "ఆనపపాదు పెరట్లో పెట్టుకుంటాన్లే" అంటూ పోలమ్మ కూతురి జడలో మొదటి పువ్వు తురిమింది.

అప్పటినుంచే ఏటా ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు ఆపితేగానీ మల్లె విరగబూయదు. అప్పటినుంచే ఎండాకాలం పొద్దు వాలితే చాలు, ఎవరో గునపం ఎత్తినట్టే ఉలిక్కిపడి విచ్చుకుంటుంది. 'ఉన్నాను, ఉన్నాను!' అని వీధి చివరిదాకా వాసనతో కేక పెడుతుంది.