దీపం ఎదుటి రేవు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది లంకమఠంలో వంట చేసిన సుబ్బమాంబగారు. ఆవిడ ఆ పడవలోనే కూర్చుంది. అందుకే నేను ఆవిడ మాటే పట్టుకుంటాను, పడవెక్కనివాళ్ల మాట నాకక్కర్లేదు.

గోదావరి నడుమ ఆ మఠానికి ఒక పెద్దల సంఘం ఉండేది. ఏటా గురుపూర్ణిమనాడు మఠం నియమాలు పైకి చదివేవారు. ప్రతిదానికీ అందరూ సమ్మతమనేవారు, పులిహోర తిని ఇళ్లకు పోయేవారు. చదవడమే చూడడమనుకున్నారు. ఆ ఏడు మాత్రం చిక్కొచ్చింది. సందెవేళ పడవ దీపస్తంభానికి ఎదురుగానే ఒడ్డు చేరాలని నియమం. పడవ నడిపే పోలయ్యేమో దిగువన బురదలో దింపుతున్నాడు. ఎందుకురా అంటే, అటు తిప్పడానికి చెయ్యాడట్లేదండీ అన్నాడట. వాణ్ణి తీసేసి పడవ ఇంకొకడికిద్దామని కార్యదర్శి కామేశం పట్టుబట్టాడు. పోలయ్యకు ఆ పడవ తప్ప వేరే బతుకు లేదు.

సంఘానికి పెద్ద విరూపాక్షయ్య. ఆయన మఠాధిపతి నిర్మమానందస్వామి శిష్యుడే. మనసొప్పక స్వామి దగ్గరకెళ్లి, "స్వామీ, నియమం మంచిచెడ్డలు ఎలా చూడాలి?" అని అడిగాడు.

స్వామి సందెవేళకు సంఘాన్నంతా పడవెక్కించుకుని అవతలి గట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ పడవ మళ్లించి, ఈపూట నియమం ప్రకారమే నడపమని పోలయ్యకు చెప్పాడు.

కొత్తనీరు ఎర్రగా, చప్పుడు లేకుండా పారుతోంది. ఎదురుగా దీపం. అంత పెద్ద ఏటి మీద ఆ చిన్న వెలుగు నీళ్లలో సాగి పడవదాకా వచ్చిందట. అందరూ చేతులు జోడించారు.

అంతలో అడుగున కర్రున రాచుకుని పడవ ఒరిగింది. ఇసకతిప్ప, ఏరు కొత్తగా వేసింది. నీళ్లు లోపలికొచ్చాయి. కామేశం పంచె ఎగ్గట్టి, "ఎటు తోలావురా?" అని కేకేశాడు.

"దీపానికేనండీ. తమరు దణ్ణం కూడా పెట్టారు కదా" అన్నాడు పోలయ్య.

అందరూ మోకాలిలోతు నీళ్లలో దిగి పడవను తోశారు. స్వామి కూడా భుజం పెట్టాడు. దీపం మాత్రం కదలకుండా, వాళ్లనే పిలుస్తున్నట్టు వెలుగుతూనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు జలదరించిందని సుబ్బమాంబగారు చెప్పేది.

ఈ నియమం కొట్టేద్దాం స్వామీ అన్నాడు విరూపాక్షయ్య. దీపం ఆర్పితే ఒడ్డు దగ్గరకొస్తుందా అని అడిగాడు స్వామి. మర్నాడు ఆ కొయ్యస్తంభాన్ని పెరికి దిగువన పాతారు. పోలయ్య పడవ పోలయ్యకే ఉంది.

దీపాన్ని మార్పించింది కామేశమనీ, ఇక ఎప్పటికీ మార్చొద్దని స్వామి ఆజ్ఞాపించాడనీ మఠంవాళ్లు పుస్తకంలో అచ్చేశారు. అది తప్పు. రాయడం బాగా వచ్చినవాళ్లు ఎవరైనా సరిదిద్దండి. ఇంక ఇది ఎప్పటికీ ఇక్కడే కదా స్వామీ అని స్తంభం దగ్గర నిలబడి అడిగింది కామేశం. స్వామి అన్న మాట ఒక్కటే:

"ఏటినడుగు."