ముగింపు ముందే తెలిసిన మహారాజు

ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పుమళ్ళు హద్దులుగా ముత్యాలరేవు అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉదయమార్తాండ మహారాజుకి రెండు గుణాలు ఉండేవి. తనకు తెలియనిది లోకంలో లేదన్న నమ్మకం ఒకటి, తొందర రెండోది. పప్పు వడ్డిస్తుండగానే పెరుగు అడిగేవాడు. పూజ మొదలవగానే హారతి ఏదనేవాడు.

ఏటా ఓడలు వచ్చే కాలంలో ఆ రేవులో కథల తిరునాళ్ళు జరిగేవి. ఓఢ్రదేశం, కన్నడదేశం, సింహళం, పారశీకం, ఇలా ఎక్కడెక్కడి కథకులో వచ్చి తమ తమ భాషల్లో కథలు చెప్పేవాళ్ళు. వాటిని తెనిగించి రాజుకి వినిపించే పని దుభాషి సూరాంబది. ఆమె ఓడ సరంగు కూతురు. నడక రాకముందే తండ్రితో ఓడెక్కి, ఆరు రేవుల్లో ఆడుకుని ఆరు భాషలు నేర్చింది. ఇప్పుడు నలభై దాటాయి. సభలో తూచినట్టు మాట్లాడుతుందని పేరు.

ఆ ఏడు రాజుగారికి కొత్త సరదా పుట్టింది.

"కథ నడుస్తుండగానే ముగింపు నేను చెబుతాను. చెప్పానంటే ఆ కథకుడు కథకు వాడే వాద్యమో వస్తువో కోటలో అప్పగించాలి. ఇక ఈ రాజ్యంలో కథ చెప్పకూడదు" అని చాటింపు వేయించాడు.

మొదటిరోజు ఓఢ్రదేశపు కథకుడు చెక్కలు వాయిస్తూ పులి కథ ఎత్తుకున్నాడు. పులి ఇంకా గుహలోంచి బయటికైనా రాలేదు, రాజు చెయ్యెత్తాడు.

"ఆగు! ఆ పులి శాపం తగిలిన రాకుమారుడు. అంతే కదా!"

వందిమాగధులు జయజయలు పలికారు. నగారాలు మోగాయి.

"కాదు మహారాజా, అది ఉత్త పులే!" అని మొత్తుకున్నాడు కథకుడు. సూరాంబ ఆ మాట తెనిగించింది.

"అయితే నీ కథే తప్పు" అన్నాడు రాజు.

అతని చెక్కలు కోటకు వెళ్ళిపోయాయి. రెండోరోజు కన్నడ కథకుడి బొమ్మల గుడ్డ వెళ్ళింది. మూడోరోజు సింహళం నుంచి వచ్చిన పాటగత్తె తన డప్పును పసిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులతో అందించి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

"అప్పగించు" అన్న మాట ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ భాషల్లో చెప్పిన నోరు సూరాంబదే. ఆ మూడోరోజు రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎక్కడికి పోవాలో తోచలేదు. నాలుగోరోజు తెల్లవారుతూనే ఇసకలో ఆ కొసకీ ఈ కొసకీ తిరిగి తిరిగి, చివరికి పారశీకుల గుడారం ముందు ఆగింది.

ఆ రోజు కథ చెప్పవలసినవాడు బెహ్రాం. తెల్లని గడ్డం, వంగిన నడుం. చేతిలో గురువు ఇచ్చిన కర్ర. కథ చెబుతున్నప్పుడు ఆ కర్రే కత్తి అవుతుంది, గుర్రం అవుతుంది, తాడవుతుంది. నాలుగు నెలలు ఓడలో ప్రయాణం చేసి వచ్చాడు.

జరిగిందంతా చెప్పి సూరాంబ గొంతు తగ్గించింది. "బాబాయ్, రాజుగారు ఏ ముగింపు చెప్పినా, నేను తెలుగులో కథను ఇంకోవైపు తిప్పేస్తాను. మీ కర్ర మీకు దక్కుతుంది."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు తల్లీ. కర్ర పోతే పోనీ. నా కథలోకి అబద్ధం రానివ్వకు. నాకు మాటివ్వు."

సూరాంబ కాసేపు గింజుకుని మాటిచ్చింది. తర్వాత అడిగింది. "పోనీ, ఇదైనా చెయ్యగలరా? మధ్యలో రాజుగారు కేకవేసినా, ఎవరేమన్నా, మీరు ఆగకుండా కథ చెప్పుకుపోవాలి."

బెహ్రాం నవ్వాడు. "ఒంటెల సంతలో ముప్పై ఏళ్ళు కథలు చెప్పాను. మీ రాజు ఒంటె కంటే గట్టిగా అరుస్తాడా?"

ఆమె నేరుగా కోటకు వెళ్ళింది. కొలువు నిండుగా ఉంది.

"ప్రభూ, రేవులో ఒక గుసగుస వినిపిస్తోంది."

"ఏమిటది?"

"ప్రభువులు ముగింపు చెప్పగానే నగారాలు మోగించి కథ ఆపేస్తున్నారట. దాంతో అది ఒప్పో తప్పో తేలడం లేదట. నా మాట కాదు ప్రభూ, పారశీకపు గుర్రాల వర్తకులు అనుకుంటున్నారు."

రాజు మీసాలు అదిరాయి. "ఓహో! ఇవాళ నగారాలు కట్టిపెట్టండి. ఆ ముసలాణ్ణి చివరిదాకా చెప్పుకోనివ్వండి. వాళ్ళ భాషలో వాళ్ళే విని సిగ్గుపడతారు!"

"చిత్తం. ప్రభువులు ముగింపు చెప్పేశాక కూడా నన్ను తెనిగించమంటారా?"

"తెలిసినదాన్ని మళ్ళీ చెప్పించుకోవడానికి నాకు వేరే పనిలేదా? నేను చెప్పగానే నువ్వు నోరు మూసుకో."

"ఆజ్ఞ ప్రభూ" అని సూరాంబ వంగి దండం పెట్టింది.

మధ్యాహ్నం ఎండ వాలేసరికి మైదానం కిటకిటలాడింది. ముందు వరసలో గుర్రాల వర్తకులు, వాళ్ళ వెనక కళాసులు, హమాలీలు, బేరగాళ్ళు. రేవులో బతికేవాళ్ళు గనక ఇద్దరిలో ఒకరికి ఎంతో కొంత పారశీకం తెలుసు.

బెహ్రాం కర్రతో నేలమీద తట్టి మొదలుపెట్టాడు. సూరాంబ వెంటవెంటనే తెనిగించింది.

"ఎడారి ఊళ్ళో నీళ్ళకోసం సొరంగాలు తవ్వేవాడొకడు. ఒకనాడు సొరంగం కూలి లోపల చిక్కుబడ్డాడు. పైన చిన్న కన్నమే మిగిలింది. లోపల మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. భార్య రోజూ బుట్టలో రొట్టె, దీపం పెట్టి తాడుతో దించేది. బుట్ట రోజూ దీపంతో, రొట్టె లేకుండా పైకొచ్చేది. రొట్టె తిన్నది మొగుడో, ఎలుకలో! ఊరివాళ్ళు కన్నం వెడల్పు చేస్తూనే ఉన్నారు. ఏడోరోజు తాడు లాగబోతే చాలా బరువుగా ఉంది..."

"ఆగు!" రాజు తొడ చరిచాడు. "మొగుడు పైకొస్తాడు, ఇద్దరూ సుఖంగా ఉంటారు. అంతే!"

సూరాంబ వంగి దండం పెట్టి పెదవులు మూసుకుంది. బెహ్రాం ఆగలేదు. కర్రను తాడులా లాగాడు, ఎవరినో చూసి వెనక్కి తుళ్ళిపడ్డాడు.

వర్తకులు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. పారశీకం రానివాళ్ళకు పక్కవాళ్ళు చెవిలో చెప్పారు. నవ్వు అలలా వెనక వరసలకు పాకింది. చివరికి ఏనుగు మీది మావటి కూడా పడిపడి నవ్వాడు.

రాజు ఇటు కదిలాడు, అటు కదిలాడు. "మంత్రీ, ఎందుకు నవ్వుతున్నారు?"

మంత్రి కూడా నవ్వుతున్నాడు. "తెలియదు ప్రభూ... అందరూ నవ్వుతుంటే..."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఎవరో మేకలా అరిచారు కూడా. రాజు ఉంగరం తీశాడు, పెట్టాడు. కిరీటం సర్దుకున్నాడు. "సూరాంబా! బుట్టలో ఏం వచ్చింది?"

"ప్రభువులు నోరు మూసుకోమన్నారు" అందామె మెల్లగా.

అంతలో నవ్వులు ఆగిపోయాయి. అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ముందు వరసలోని ముసలి వర్తకుడొకడు తలపాగా కొసతో కళ్ళొత్తుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. బెహ్రాం కర్ర దించి నమస్కరించాడు.

సూరాంబకు మాత్రం చిక్కొచ్చి పడింది. ఆ కథ ఆమె వినడం కూడా అదే మొదలు. చివరికి మొగుడు పైకొచ్చాడు! రాజు చెప్పిందే నిజమైంది. ఔనంటే కర్ర పోతుంది. కాదంటే పొద్దున ఇచ్చిన మాట పోతుంది.

"నేను చెప్పిందే జరిగిందా?" అని రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు.

సూరాంబ మొత్తం జనాన్ని ఒకసారి చూసింది. "జరిగిందంతా ప్రభువులకు తెలిసినదైతే, నన్నెందుకు అడగడం?"

రాజుకి కోపం వచ్చింది. తర్వాత కోపం కంటే పెద్దదేదో వచ్చింది. ఇంత జనం నవ్విందెందుకు? ఏడ్చిందెందుకు? కాలు ఒకచోట నిలవక లేచాడు, మెట్లు దిగాడు, గుర్రాల వర్తకుల మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"అలల హోరులో వినపడలేదు ప్రభూ" అంది సూరాంబ.

"నాకు తెలీదమ్మా! ఆ కథ నాకు చెప్పించు!"

బెహ్రాంకు ఆమె ఆ మాట చేరవేసింది. ఆయన చెప్పిన బదులు తెనిగించింది. "కథను మధ్యలోంచి అతికించలేడట ప్రభూ. మొదటినుంచి వినాలట. ఊఁ కొట్టాలట."

ముసలి వర్తకుడు చాప మీద కాస్త చోటిచ్చాడు. రాజు చతికిలబడ్డాడు. "ఊఁ" అన్నాడు.

ఏడోరోజు బరువైన బుట్టలో పైకొచ్చింది మొగుడు కాదు, ఒళ్ళంతా మట్టితో ఒక పరాయి ముసలాడు. "పక్క ఊరి నుంచి తవ్వుతూ వచ్చి నేనూ చిక్కుకున్నానమ్మా. నీ మొగుడు నన్ను ముందు వెళ్ళమన్నాడు." ఆమె మళ్ళీ తాడు దించింది. ఈసారి మేక వచ్చింది. "దీనికి బయట పిల్లలున్నాయని నీ మొగుడే ఎక్కించాడు" అన్నాడు ముసలాడు. "ఓయ్ మహానుభావా, నువ్వు పైకొస్తావా, నన్నే కిందికి రమ్మంటావా?" అని ఆమె కన్నంలోకి అరిచింది. బదులు లేదు. మళ్ళీ దించిన తాడు లాగితే తేలిగ్గా వచ్చింది. బుట్టలో ఆరిపోయిన దీపం, తడిసిన మట్టి. లోపల ఊట పడింది, సొరంగం నిండుతోంది.

రాజు ఊఁ కొట్టడం మరిచిపోయాడు.

ఊరంతా కన్నం చుట్టూ చేరింది. ఆమె బుట్టను మళ్ళీ దించి, తాడు పట్టుకునే ఉంది. ఇక లాగలేదు, వదల్లేదు. నీళ్ళు పైకి పైకి వచ్చాయి. నీళ్ళతోపాటు బుట్ట పట్టుకుని మొగుడూ తేలుకుంటూ వచ్చాడు. కన్నం దాటి తల బయటపెట్టగానే, "ఆరు రోజులు చూశాను, రొట్టెలో ఉప్పెయ్యవేమే!" అన్నాడు.

రాజు పకాలున నవ్వి, ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే ఎగిరి లేచాడు. "మొగుడే పైకొచ్చాడు! నేను ముందే చెప్పానా లేదా?"

"చెప్పారు ప్రభూ!" అంటూ మంత్రి బెహ్రాం కర్ర మీద చెయ్యి వేశాడు. ముసలాయన వేళ్ళు బిగుసుకున్నాయి.

సూరాంబ ముందుకొచ్చింది. "అక్షరాలా చెప్పారు. ముగింపు ప్రభువులకు ముందే తెలుసు. ఒక్క సందేహం. తెలిసిన ముగింపుకి ప్రభువుల కళ్ళు ఇప్పుడెందుకు తడిశాయి?"

రాజు తడిసిన ఉత్తరీయం వైపు చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"మంత్రీ, కర్ర వదలవయ్యా! ముగింపు తెలిసింది గానీ, నాకు కథెక్కడ తెలిసింది? ఆ ముగ్గురూ ఎంత దూరం వెళ్ళారో చూడండి. గుర్రాలు పంపండి. వాళ్ళ సొత్తు వాళ్ళకిచ్చి బతిమాలి తీసుకురండి. ఆ ఉత్త పులి ఏం చేసిందో నేను వినాలి!"

మెడలోని ముత్యాలహారం తీసి సూరాంబకు ఇచ్చాడు. "రేపటినుంచి నా పక్కనే కూర్చో. నేను మధ్యలో నోరు తెరిస్తే కాలు తొక్కు. ఇది రాజాజ్ఞ."

ఆ ఏడు తిరునాళ్ళు ఇంకో పన్నెండు రోజులు సాగాయి. అవి ముగిసేనాటికి మహారాజుగారి కుడిపాదం వాచిపోయిందని ముత్యాలరేవులో చెప్పుకున్నారు.