అవ్వ లేని రాయి

అనగనగా ఒక ఏరు. మీరు విన్న కథలు అడవిలో మొదలై ఉంటాయి. ఇదీ అడవిలోదే. కానీ ఆ అడవి మొత్తం ఆ ఏటి నీళ్లు తాగే బతికేది కాబట్టి ముందు ఏటి పేరే చెబుతాను. దాని పేరు గవ్వలేరు.

గవ్వలేరు కొండల్లో పుట్టేది. వెదురు పొదల మధ్య సన్నగా దిగి, రాళ్ల మీద గెంతి, కిందికొచ్చేసరికి అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు పిలిచినా వినపడనంత వెడల్పయ్యేది. వానాకాలంలో దాని హోరు వింటే గుండె దడదడలాడేది. ఎండాకాలం వచ్చిందంటే అదే ఏరు ఇసుక మేటలు వేసుకుని, అక్కడో కుంట, ఇక్కడో పాయగా మిగిలేది. ఏటి ఒడ్డు మనుషులు ఆ ఇసుకలోనే చెలమలు తవ్వి నీళ్లు తోడుకునేవారు. ఆ ఇసుకలోనే దోస పాదులు, పుచ్చ పాదులు పెట్టుకునేవారు.

ఎంత ఎండ కాసినా ఎండని చోటు ఒక్కటే ఉంది. ఏరు కొండను ఒరుసుకుని మలుపు తిరిగే దగ్గర లోతైన మడుగు. ఆ మడుగు వాకిట్లో ఒక నల్ల రాయి. ఆ రాయి మీద ఒక ముసలి మొసలి. అడవిలో అందరూ దాన్ని అవ్వా అని పిలిచేవారు. ఎప్పుడో ఒక వరదలో దాని కూతురు కొట్టుకుపోయింది.

అవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. ఏరు ఎండటం మొదలైనప్పటి నుంచి, కొత్త వానకు ఎర్రనీళ్లు వచ్చేదాకా, మడుగులో చేపను ఎవరూ ముట్టకూడదు. కుంటల్లో పట్టుకోండి, పాయల్లో పట్టుకోండి, మడుగులో మాత్రం వద్దు. కొంగలు ఒప్పుకున్నాయి. లకుముకి పిట్టలు ఒప్పుకున్నాయి. మనుషులు కూడా ఒప్పుకున్నారు. వాళ్లకు కట్టుబాటు సంగతి తెలియదు గానీ, రాయి మీద అవ్వ ఉంటే ఆ నీళ్లలో వల వెయ్యకూడదని మాత్రం తాతల నాటి నుంచి తెలుసు. పొద్దున్నే ఏటికి రాగానే ముందు ఆ రాయి వైపు చూసేవారు. అవ్వ కనపడితే దండం పెట్టుకుని పక్క పాయకు పోయేవారు. సగం భయం, సగం భక్తి. ఏదైతేనేం, పని జరిగింది.

ఆ మడుగుకు దగ్గర్లో ఒక నీటికుక్క ఉండేది. దాని పేరు సింగారి. సింగారికి ముగ్గురు పిల్లలు. పుట్టిన రోజున తను ఏ చేప తింటే ఆ చేప పేరే పెట్టేసింది. పెద్దది జెల్ల, రెండోది గొరక, చిన్నది పరిగె. పరిగె పేరుకు తగ్గట్టే పీలగా ఉండేది. ఈల వేస్తే మాత్రం అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చేది. నీటికుక్కలు పిల్లల్ని ఈల వేసే పిలుస్తాయి, తెలుసు కదా. సింగారి ఈల వేసిందంటే ఆ మలుపు నుంచి ఈ మలుపు దాకా వినపడేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కుంటలు ఇంకిపోయాయి. పిల్లలు కడుపు పట్టుకుని ఏడుస్తున్నాయి. సింగారి వెళ్లి అవ్వ ముందు నిలబడింది.

"అవ్వా, మడుగులో ఒక్క చేప పట్టుకుంటాను. ఒక్కటే" అంది.

"నువ్వు ఒకటి అంటావు. నీ వెనక కొంగ ఒకటి అంటుంది. ఎర్రనీళ్లు వచ్చేదాకా ఓపిక పట్టమ్మా" అంది అవ్వ.

సింగారి మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి పరిగెను నోట కరుచుకుని వచ్చి రాయి కింద పెట్టింది. "దీని పక్కటెముకలు చూడు. చూసి కూడా వద్దంటావా?"

అవ్వ చాలాసేపు పరిగెను చూసింది. "పై పాయలో రాళ్లు తిప్పు. కింద ఎండ్రకాయలు ఉంటాయి. కష్టమే, మూతి గీరుకుంటుంది. కానీ బిడ్డలు బతుకుతారు" అంది.

సింగారికి ఒళ్లు మండింది. ఇంటికి పోతూ దారిలో తాబేలు తాతతో మొర పెట్టుకుంది. "అన్ని చేపలు పెట్టుకుని నన్ను ఎండ్రకాయలు తినమంటోంది. ఎవరూ చూడనప్పుడు తను తింటుంది తాతా. లేకపోతే అంత ఒళ్లు ఎలా నిలుస్తుంది?"

తాబేలు మెడ బయటికి చాపింది. "తప్పు మాట అనకు మనవరాలా. మొసలి నెలల తరబడి పస్తు ఉండగలదు. అవ్వ ఉంటోంది. నా చిన్నప్పుడు ఈ ఏటి మీద వెదురు తెప్పలు దిగేవి. కొండ చింతపండు కిందికి పోయేది, ఉప్పు పడవల్లో పైకి వచ్చేది. సముద్రం నుంచి చేపలు ఎదురెక్కి వచ్చేవి. తర్వాత కింద ఆనకట్ట కట్టారు. పొలాలు పచ్చబడ్డాయి, మంచిదే. కానీ పైకి వచ్చే చేపలకు దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఈ ఏటికి విత్తనం ఆ మడుగులో ఉన్నదే. ఎర్రనీళ్లు రాగానే అందులోని తల్లి చేపలు వాగులెక్కి గుడ్లు పెడతాయి. ఏరంతా నిండుతుంది."

ఎంత చక్కగా చెప్పింది! వినాలి కదా? ఆకలికి చెవులు ఉండవంటారు. సింగారి సగం విని వెళ్లిపోయింది.

మూడోరోజు సింగారి పరుగెత్తుకుంటూ రాయి దగ్గరకు వచ్చింది. రొప్పుతూ వచ్చింది. ఆ రొప్పు కూడా నటనే.

"అవ్వా, నీ కూతురు వరదలో కొట్టుకుపోయింది కదా? బతికే ఉంది. ఆనకట్ట తలుపు కింద కాలు ఇరుక్కుని పడి ఉంది. అమ్మా అమ్మా అని పిలుస్తోందట. కొంగలు చూసి వచ్చాయి."

ఈ కథ మా అమ్మ చెప్పినప్పుడు నేను ఇక్కడ ఆపి అడిగాను. ముగ్గురు బిడ్డల తల్లి, ఇంకో తల్లితో ఆడే అబద్ధమా ఇది? కానీ ఆడింది. కళ్లార్పకుండా ఆడింది.

అవ్వ ఏమీ అడగలేదు. ఏ కొంగ చెప్పింది, ఎప్పుడు చెప్పింది అని అడగలేదు. రాయి దిగింది. కాలే ఇసుక మీద పొట్ట ఈడ్చుకుంటూ ఆనకట్ట వైపు నడక మొదలుపెట్టింది. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి, "మడుగు జాగ్రత్త సింగారీ" అంది.

అవ్వ మలుపు తిరగ్గానే సింగారి ఈల వేసింది. పిల్లలు మూడూ దొర్లుకుంటూ వచ్చాయి. ఆ రోజు మడుగులో పండగ. కడుపునిండా తిన్నాయి, ఆడుకున్నాయి. పరిగె రెండు రోజులకే కాస్త గుండ్రంగా తయారైంది. సింగారి అవ్వ రాయెక్కి వెల్లకిలా పడుకుని ఎండ కాగింది. "ఏమైంది ఇప్పుడు? నాలుగు చేపలు తింటే ఏరు ఎండిపోయిందా?" అని లకుముకిని ఎగతాళి చేసింది. లకుముకి కొమ్మ మీద నుంచి రాయి వైపే చూస్తూ కూర్చుంది.

రాయి వైపు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సంగతి సింగారికి తట్టలేదు.

ఒక పొద్దున ఇద్దరు మనుషులు గోనెసంచులతో వచ్చారు. దోస పాదుల వాళ్లు కాదు, వల వేసేవాళ్లు కాదు. కొండ అవతల రాళ్లు పేల్చే పని చేసేవాళ్లు.

"ఒరే సోములూ, ఊళ్లోవాళ్లు చెప్పింది నిజమేరా. రాయి ఖాళీగా ఉంది" అన్నాడు మొదటివాడు.

"వారం బట్టి ఎవరికీ కనపడలేదంట. ఇంక అడిగేవోడెవడు? కానియ్, కానియ్" అన్నాడు సోములు.

సింగారి పొదలోకి దూకి ఈల వేసింది. జెల్ల వచ్చింది. గొరక వచ్చింది. పరిగె మడుగు మధ్యలో ఒక పెద్ద చేప వెంట పడి ఉంది. తల పైకెత్తి, "వస్తున్నానమ్మా, దీన్ని పట్టుకుని వస్తున్నా" అని మళ్లీ మునిగింది.

సోములు చేతిలో వల లేదు. కొండను పగలగొట్టే తూటా ఉంది. దానికి నిప్పంటించి మడుగులోకి విసిరాడు.

మడుగు మొత్తం గోడలా పైకి లేచింది. కొండ అదిరింది. లేచిన నీళ్లు తిరిగి పడ్డాక ఏటి ఒడ్డున ఒక్క పిట్ట కూయలేదు. తర్వాత చేపలు తేలడం మొదలైంది. ఒకటి, రెండు, ఇక లెక్క లేదు. తెల్లటి పొట్టలు పైకి పెట్టి మడుగు నిండా తేలాయి. గుడ్లతో నిండిన పొట్టలు పగిలిపోయాయి. ఏడాదంతా ఏటిని నింపాల్సిన గుడ్లు పచ్చటి నురగలా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ ఇద్దరూ పెద్ద చేపలు సంచుల్లో వేసుకున్నారు. చిన్నవాటిని కాళ్లతో పక్కకు తోసి వెళ్లిపోయారు.

తాబేలు తాత అప్పుడే అక్కడికి వచ్చింది. చూసింది. మెడ లోపలికి లాక్కుని చిప్పలోనే ఉండిపోయింది.

సింగారికి చేపలు కనపడటం లేదు. పరిగె ఏదీ? అదిగో, అవతలి ఒడ్డున బయటికి పాకుతోంది. తాగినవాడిలా తూలుతోంది. బతికే ఉంది. సింగారికి ప్రాణం లేచి వచ్చింది. ఈల వేసింది.

పరిగె తిరగలేదు.

మళ్లీ వేసింది, గట్టిగా. పరిగె ఇంకో వైపుకు నడుస్తోంది.

"చూడు దీని పొగరు. పిలుస్తుంటే వినపడటం లేదా?" అని తిట్టుకుంటూ ఈదుకెళ్లింది. వెళ్లి పరిగె ఎదుట నిలబడింది. అప్పుడు పరిగె తల్లిని చూసి నవ్వింది.

"అమ్మా, నువ్వు నన్ను పిలవనేలేదేం? ఏరు కూడా చప్పుడు ఆపేసింది" అంది.

చెవుల దగ్గర రెండు ఎర్రటి చారలు ఉన్నాయి. సింగారి వాటిని నాకింది. నాకుతూనే ఉంది. తల్లికి అర్థమైంది. పొదలోంచి తను వేసింది, పరిగె "వస్తున్నానమ్మా" అని పలికింది, అదే ఆ బిడ్డ విన్న ఆఖరి ఈల.

వానలు వచ్చాయి. ఎర్రనీళ్లు వచ్చాయి. వాగులన్నీ నోళ్లు తెరుచుకుని చూశాయి, వాటిలోకి ఎక్కే చేప లేదు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి నిలబడి లేచిపోయాయి. ఒడ్డున జాలర్లు వలలు విసిరి, ఆకులు, పుల్లలు ఏరుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏటికి ఏమొచ్చిందిరా?" అని గొణుక్కున్నారు.

ఆ వరదకు ఎదురీదుకుంటూ అవ్వ తిరిగి వచ్చింది. ఎముకలకు తోలు కప్పినట్టు ఉంది. అది చూసి సింగారి కొయ్యబారిపోయింది. చాటుగా చేపలు తింటుందని తను అన్నది ఈ ఒంటినేనా?

"ఆనకట్ట దగ్గర నా కూతురు లేదు సింగారీ. ఎప్పుడూ రాలేదట. దారంతా పిలుచుకుంటూ వెళ్లాను" అంది అవ్వ.

సింగారి నేల చూపులు చూసింది. ఈలోగా పరిగె ఆడుకుంటూ ఆడుకుంటూ వరద నీటి అంచుకు వెళ్లింది. ఇంకో అడుగు వేస్తే కొట్టుకుపోతుంది. సింగారి ఈల వేసింది. అలవాటు కొద్దీ ఒకటి, ఇంకొకటి. పరిగె తిరగలేదు. అవ్వ గబుక్కున మూతి అడ్డం పెట్టి, పిల్లను మెల్లగా ఒడ్డు మీదికి తోసింది.

"దీనికి వినపడదా?" అంది అవ్వ.

"వినపడదు" అంది సింగారి. ఆ ఒక్క మాటతో జరిగిందంతా చెప్పేసినట్టయింది. అవ్వ ఖాళీ మడుగును చూసింది, తల్లిని చూసింది, బిడ్డను చూసింది.

కొరుకుతుందేమో, కొడుతుందేమో అని సింగారి కళ్లు మూసుకుంది. అవ్వ కొట్టలేదు.

"పిలిస్తే పలకని బిడ్డ ఎలా ఉంటుందో ఈ ఏట్లో నాకు ఒక్కదానికే తెలుసు అనుకున్నాను. నీకు కూడా తెలియాలని నేను ఎప్పుడూ కోరుకోలేదమ్మా" అంది.

అని నల్ల రాయెక్కి ఎప్పటిలాగే పడుకుంది. మడుగులో కాపాడటానికి ఏముంది? పై వాగులో ఒక రాతి సందున నాలుగు చేప పిల్లలు మిగిలాయని తాబేలు తాత వచ్చి చెప్పింది. ఆ నాలుగూ వరదకు దిగి మడుగులోకి వచ్చాయి. వాటికోసం పడుకుంది.

ఏరు మళ్లీ నిండటానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ సింగారి పాయల్లో రాళ్లు తిప్పి ఎండ్రకాయలు తిన్నది. పరిగెను పిలవాలంటే ఈల మానేసి, దాని పక్కకు వెళ్లి భుజం తట్టేది. పిలిచిన ప్రతిసారీ అంత దూరం నడిచి వెళ్లి తట్టేది.

నీతి: అందరికోసం ఉన్న కాపలాను మన ఆకలికోసం తప్పిస్తే, ఆ తెరిచిన వాకిట్లోంచి లోపలికి వచ్చేది మనం ఒక్కరమే కాదు.